బోణీ అయ్యాక రా

హలో... ఆ, వినపడతందా అండీ? అందరూ బాగున్నారా? కాఫీలు, టిఫిన్లు అయినయ్యా? చేతిలో పనుంటే చేసుకుంటానే వినండి, ఓ వారం రోజుల ముచ్చట చెప్తా. మన బెజవాడ వన్ టౌన్లో ఒక బట్టల కొట్టు, అందులో పనిచేసే ఒక మనిషి. అంతే కథ. మధ్యమధ్యలో ఒంటికి సంబంధించిన మాటలు కొన్ని వస్తయ్. ఇబ్బంది పడకండి, ఒళ్ళు అందరికీ ఉన్నదే.

సోమవారం పదిన్నరకి బడే మియా ఆటో తోపుడు బళ్ళ మధ్య నుంచి పాక్కుంటా వచ్చి కోటిలింగం గారి హోల్‌సేల్ కొట్టు ముందు ఆగింది. బడే మియా దిగి, వెనకాల తాళ్ళతో కట్టిన చక్రాల కుర్చీ విప్పి, సీటు పక్కన ఆనించి బ్రేకులు వేశాడు. అంతవరకే ఆయన పని. మొదట్లో చిన్నపిల్లాణ్ణి ఎత్తినట్టు ఎత్తబోయేవాడు. దుర్గాశంకర్ ఒప్పుకోలేదు. "చాచా, నన్నెత్తి నీ నడుం కూడా పోతే ఆటో ఎవరు తోలతారు?" అన్నాడు. ఆ మాటకి ముసలాయన నవ్వి చేతులు కట్టుకుని నిలబడ్డం నేర్చుకున్నాడు.

ఆటో సీటుకీ కుర్చీకీ మధ్య నున్నటి చెక్క ఒకటి వేసుకుని, దాని మీదగా జరిగి దుర్గాశంకర్ కుర్చీలోకి వచ్చాడు. తర్వాత కాళ్ళని ఒక్కోటీ చేత్తో తీసి కింద రేకు మీద పెట్టుకున్నాడు, వేరేవాళ్ళ సామాను సర్దినట్టు. పోయినేడు ఇదే కొట్టు గోడౌన్లో అటక మీంచి గుడ్డల బేలు దించుతా పడ్డాడు. వెన్నుపాము దెబ్బతింది. బొడ్డు కింద నుంచి కదలికా లేదు, స్పర్శా లేదు. ఆపరేషను, ఆ తర్వాత నెలల తరబడి ట్రైనింగు, అన్నీ అయ్యాక మళ్ళీ పనిలోకి రావడం ఇవ్వాళే.

బేళ్ళు ఎక్కించే మందపాటి పలకని హమాలీలు మెట్ల మీద వేశారు. దాని మీదగా చక్రాలు తోసుకుంటా పైకెక్కాడు.

"రావయ్యా పెళ్ళికొడకా," అన్నాడు ధనుంజయ్, లోపల అమ్మకాల పరుపు మీంచే. వాడూ ఇతనూ పక్కపక్కన కూర్చుని పదేళ్ళు గుడ్డలు అమ్మారు. "పల్లకీలో వచ్చినట్టు వచ్చావు."

"పల్లకీ అయితే మోసేవాళ్ళు కావాలిరా. నాది సెల్ఫ్ స్టార్ట్."

ఇలాంటి పాత కొట్లు మీకు తెలుసుగా. బేరం చెయ్యడానికి కుర్చీలూ బల్లలూ ఉండవు. ఎత్తుగా ఓ గద్దె, దాని మీద తెల్ల పరుపు. అమ్మేవాళ్ళంతా దాని మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటారు, ముందు థాన్లు పరుస్తారు. గద్దె ఎత్తు ఇంచుమించు కుర్చీ ఎత్తే. దుర్గాశంకర్ జరిగి పరుపు మీదకి వచ్చాడు. రాగానే కుడికాలు టపటపా ఎగిరింది.

గల్లాపెట్టె దగ్గర కోటిలింగం గారు లేచి నిలబడ్డాడు. "అమ్మా, చూశావా? శంకరం కాలు కదిలింది."

"కదలడం కాదండి షావుకారు గారు," అన్నాడు దుర్గాశంకర్, మోకాలు మీద చెయ్యి వేసి అదిమిపెట్టి. "దానంతట అదే ఎగురుద్ది. నా మాట విని కాదు. కిందున్న నరాలకి పైనుంచి అదుపు లేదు కదా, అందుకని."

కోటిలింగం గారు కాసేపు ఆ కాలు వంకే చూసి, "అంతా అమ్మవారి దయ," అని కూర్చున్నాడు. పక్కనే కుర్చీలో జపమాల తిప్పుకుంటున్న వాళ్ళమ్మ వెంకటరావమ్మ గారు చూపు గుమ్మం వైపు తిప్పుకుంది.

పరుపు మీదకొచ్చాక కుర్చీని వెనక గోడ వారకి నెట్టించేశాడు. కుర్చీలో వేసుకునే గాలిదిండు కూడా దాంతోపాటే పోయింది. అందరూ ఉత్త పరుపు మీదే కూర్చుంటే తనొక్కడూ దిండు మీద ఎత్తుగా ఏంటి అనుకున్నాడు. కాళ్ళు మడిచి పెట్టుకుంటే ధనుంజయ్‌కీ తనకీ తేడా లేదు. వచ్చిన బేరగాళ్ళకి ఎవరికీ తెలీలా. గుడివాడ నుంచి వచ్చిన ఒకాయన, "ఏమయ్యా, ఇన్నాళ్ళూ కనపడలా?" అంటే, "వేరే ఊళ్ళో పనిపడిందండి," అనేశాడు.

జేబులో ఫోన్ పావుగంటకోసారి వణుకుద్ది. అది వణికినప్పుడల్లా రెండు చేతులూ పక్కన ఆనించి ఒళ్ళు పైకి లేపాలి, లేకపోతే బాగా ముందుకో పక్కకో వంగి కాసేపుండాలి. కూర్చున్న చోట రక్తం ఆడాలంటే అదే దారి. ముందు బేరం ఉండగా అట్టా లేస్తే, ఏంటి బాబూ అని అడుగుతారు. అడిగితే చెప్పాలి. చెప్తే అయ్యో అంటారు. ఫోన్ వణుకుతానే ఉంది, అతను మాత్రం చీరలు విప్పుతానే ఉన్నాడు.

మధ్యాహ్నం క్యారేజీలు విప్పాక ధనుంజయ్ గొంతు తగ్గించాడు. "పదిన్నర దాటాక రమ్మని ఎందుకన్నారో తెలుసా?"

"రష్ తగ్గుద్దని."

"మామ్మగారు. కాళ్ళు పడిపోయినోడు ఎదురుగా ఉంటే బోణీ ఎట్టా అని. తప్పుగా అనుకోకు, పెద్దావిడ. తల్లి మాట షావుకారు కాదనలేడు."

దుర్గాశంకర్ ముద్ద చేతిలో పట్టుకుని ఉండిపోయాడు. పడకముందు ఈ కొట్లో బోణీ అంటే అతనిదే. చిన్నకొట్లు నడిపే ఆడవాళ్ళు కొందరైతే మెట్ల మీద కూర్చుని మరీ అతను వచ్చేదాకా ఆగేవాళ్ళు, శంకరం చెయ్యి మంచిదని.

"ఇప్పుడెవరు చేస్తున్నారు?"

"నేనే. నాకే నవ్వొస్తంది. పొద్దున్నే నా మొహం మా ఆవిడే చూడదు."

దుర్గాశంకర్ కూడా నవ్వాడు. ముద్ద మాత్రం క్యారేజీలో పెట్టేసి మూత వేశాడు.

భవానీపురంలో దుర్గాశంకర్ వాళ్ళది కింద పోర్షను. రాత్రి భోజనాలయ్యాక ధనశ్రీ భర్తని బోర్లా పడుకోబెట్టి, ఫోన్ లైటు వేసి పిర్రలూ నడుం కిందా చూసింది. ఇది రోజూ ఉండే పనే. ట్రైనింగ్ ఇచ్చిన తబస్సుం మేడం మొదటిరోజే చెప్పింది, "మీ ఒంటికి నొప్పి తెలీదు, కాబట్టి మీ ఇంట్లో కళ్ళకి తెలియాలి," అని.

"ఇక్కడ ఎర్రగా ఉందండీ." వేలితో నొక్కి తీసింది. నొక్కిన చోట తెల్లగా అయి మళ్ళీ ఎర్రగా వచ్చింది. "పోనీలే, తెల్లబడతంది, రక్తం ఆడతన్నట్టే. దిండు వేసుకున్నారా అక్కడ?"

"ఆ."

"లేస్తా ఉన్నారా?"

"లేస్తన్నాలే."

"లేస్తే ఇదెందుకొచ్చింది?" అని, జవాబు కోసం ఆగకుండా దుప్పటి కప్పింది. "అయినా పదిన్నరకి వెళ్ళడమేంటి? కొట్టు తొమ్మిదింటికే తీస్తారుగా. మీ పొద్దున్న పనికి టైము పడుద్దనా?"

"ఆయనే అన్నాడు, నిదానంగా రమ్మని."

"మంచాయన."

"మంచాయనే," అన్నాడు దుర్గాశంకర్, దిండులో మొహం పెట్టుకుని. మొహం పక్కకి తిప్పి, "రేపు మాత్రం పెందలాడే వెళ్తా," అన్నాడు.

పొద్దున్న పని అంటే ఏంటో ఇక్కడ చెప్పాలి. దెబ్బ తగిలింది కాళ్ళకి మాత్రమే అనుకుంటారు చాలామంది. వెన్నుపాము అంటే పైనుంచి కిందికీ, కిందనుంచి పైకీ కబుర్లు మోసే దారి. అది తెగితే దొడ్డికి వస్తందన్న కబురు కూడా రాదు. అందుకని రోజూ ఒకే టైముకి టిఫిన్ తిని, మందు పెట్టుకుని, కమోడ్ కుర్చీ మీద కూర్చుని, పూర్తిగా అయ్యేదాకా ఓపిక పట్టాలి. అలా అలవాటు చేస్తే పేగులు ఆ టైముకి పనిచేస్తయ్, మిగతా రోజంతా ఊరుకుంటయ్. ఉచ్చకి కూడా అంతే, మూడు నాలుగు గంటలకోసారి సన్నటి గొట్టంతో తనే తీసుకోవాలి. దుర్గాశంకర్‌కి ఇవన్నీ వచ్చు. కొట్లో గోడౌన్ మూల బేళ్ళ చాటున పని కానిచ్చుకుని, చేతులు కడుక్కుని వచ్చి కూర్చునేంత బాగా వచ్చు.

మంగళవారం మాత్రం కమోడ్ మీద సగంలోనే ధనశ్రీని పిలిచాడు. "అయిపోయింది, రా."

"అప్పుడేనా?"

"అయిపోయిందన్నానుగా."

కొట్టు షట్టరు ఎత్తేసరికి ఆటో ముందు ఉంది. వెంకటరావమ్మ గారు గుమ్మానికి పసుపు రాసి, అగరొత్తులు తిప్పుతా ఇతన్ని చూసింది. ఆవిడ మొహంలో కోపమేం లేదు. అదే ఉంటే బాగుండేది.

"శంకరా, పెందలాడే వచ్చావే. ఏమనుకోకు నాయనా, కాసేపు అక్కడ నీడలో ఉండు. బోణీ అవనీ." లోపలికి తిరిగి, "ఒరేయ్, శంకరానికి టీ చెప్పండ్రా," అంది.

పలక వెయ్యలేదు. బడే మియా ఆటో పక్కన నిలబడి ఇదంతా చూశాడు.

"ఇంటికి పోదామా, శంకర్ బాబూ?"

"ఎందుకు చాచా? టీ వస్తందిగా."

టీ వచ్చింది. బళ్ళవాళ్ళు "జరుగు, జరుగు" అంటా పోతున్నారు. ప్రతిసారీ కుర్చీ ఇటు కొంచెం, అటు కొంచెం తిప్పుకుంటా సందులో కూర్చున్నాడు. ధనుంజయ్ ఎవరికో లుంగీలు అమ్మి, డబ్బులు కళ్ళకద్దుకుని, ఇతని వైపు చూడకుండా పలక వెయ్యమని హమాలీలకి చెప్పాడు.

మిట్టమధ్యాహ్నం వేళ, మచిలీపట్నం వాళ్ళెవరికో కాటన్ చీరలు చూపిస్తా ఉండగా, దుర్గాశంకర్‌కి వాసన వచ్చింది. ముందు బయట కాలవ అనుకున్నాడు. తర్వాత అర్థమైంది. చీర విప్పుతున్న చేతులు ఆగిపోయినయ్. ముందున్న ఆవిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని చుట్టూ చూసింది.

ధనుంజయ్ గ్రహించాడు. "అమ్మా, మీరిటు రండి, కొత్త స్టాకు ఈ పక్కన ఉంది," అని వాళ్ళని అటు చివరికి లాక్కుపోయాడు. తర్వాత పాత దుప్పటి ఒకటి తెచ్చి ఇతని నడుం చుట్టూ కప్పాడు. ఒక్క జోకు వెయ్యలేదు. వేసుంటే కాస్త తేలిగ్గా ఉండేది. బడే మియాకి ఫోన్ చేశారు. ఆయన ఆటో సీటు మీద ప్లాస్టిక్ పట్టా పరిచి పెట్టాడు. కోటిలింగం గారు గల్లా దగ్గరే తల దించుకుని కూర్చున్నాడు. వెంకటరావమ్మ గారి పెదాలు కదులుతున్నయ్, జపమో, మరోటో.

ఇంట్లో ధనశ్రీ కడిగింది. తుడిచింది. కొత్త లుంగీ కట్టింది. ఒళ్ళు చూసింది. అప్పుడు అడిగింది, "పొద్దున్న అయిపోయిందని ఎందుకు చెప్పారు?"

చెప్పాడు. పదిన్నర సంగతి, బోణీ సంగతి, సందులో టీ సంగతి, గాలిదిండు వేసుకోని సంగతి కూడా.

ఆమె తడిగుడ్డ బకెట్లోకి విసిరింది. "ఆవిడ బోణీ కోసం మీ కడుపు టైము మార్చారా? ఆవిడ మిమ్మల్ని బయట కూర్చోబెట్టింది, సరే. మీరేం చేశారు? దిండు మీరే గోడ వారకి నెట్టారు. లేవడం మీరే మానేశారు. ఆవిడకన్నా ముందు మిమ్మల్ని మీరే దాచుకున్నారు."

మళ్ళీ వంగి ఆ ఎర్రమచ్చ మీద వేలు పెట్టి నొక్కింది.

"ఇప్పుడిది నొక్కితే తెల్లబడట్లా," అంది ధనశ్రీ, మెల్లగా.

తబస్సుం మేడానికి ఫోన్ చేశారు. స్పీకర్లో ఆవిడ గొంతు గదంతా వినపడింది. "చర్మం ఊడలేదుగా? అదృష్టం. ఆ రంగు పూర్తిగా పోయేదాకా దాని మీద కూర్చోకూడదు. బోర్లా, పక్కకి, అంతే. చర్మం లేచినా, నల్లబడినా వెంటనే తీసుకురండి. కూర్చున్న ఒక్కరోజుకి నెలలు మంచం మీద ఉన్నవాళ్ళని చూశాను శంకర్ గారూ. కడుపు సంగతి కూడా చెప్తా, అది పాలిచ్చే గేదె లాంటిది. రోజూ టైముకి పితికితే మాట వినుద్ది. మీ తొందర దానికి తెలీదు."

బుధ, గురు రెండ్రోజులూ బోర్లా పడుకునే ఉన్నాడు. మంచం కోడు పక్కన నేల మీద చీమలు బియ్యపుగింజ లాక్కెళ్తుంటే చూశాడు. గురువారం సాయంత్రం కోటిలింగం గారి ఫోన్ వచ్చింది.

"శంకరం, ఎట్టా ఉంది? నేనొకటి అనుకున్నా. నువ్వు ఇంటి పట్టునే ఉండు. కష్టపడి రాబాకు. నీకు రావాల్సింది నెలనెలా నేను పంపిస్తా. నా కొట్లో పడ్డావు, నేను చూసుకోనా?"

మంచి మాటే. ఆ మాట వింటే ఎవరన్నా దణ్ణం పెడతారు. దుర్గాశంకర్‌కి మాత్రం ఛాతీ మీద బేలు పెట్టినట్టయింది. ఈ మాటకి ఊఁ అంటే, ఇంక ఈ మంచమూ, ఈ చీమలూ, నెలకోసారి వచ్చే దయా, అంతే. మళ్ళీ గుడ్డ పట్టుకునే పని ఉండదు.

"వస్తానండి షావుకారు గారు," అన్నాడు.

"నీ ఇష్టం. నేను కాదనట్లా. అయితే అదే టైముకి," అన్నాడు ఆయన.

రాత్రి ధనశ్రీ నొక్కి చూసింది. ఎరుపు పోయింది. అయినా శుక్రవారం గాలిదిండు వదలనని ఒట్టు వేయించుకుంది.

శుక్రవారం పొద్దున్న పని పూర్తిగా అయ్యేదాకా కూర్చున్నాడు. ధనశ్రీ పిలిచినా, "ఇంకా అవలా," అన్నాడు. వన్ టౌన్ చేరేసరికి పదిన్నర దాటింది. పలక మాత్రం గోడకి ఆనించే ఉంది.

"బోణీ కాలా," అన్నాడు ధనుంజయ్ గుమ్మంలోంచి. "మూఢంలో పెళ్ళిళ్ళెక్కడివి, బేరాలెక్కడివి? ఈగలు కూడా పక్క కొట్లోకే పోతన్నయ్."

శుక్రవారం పూట ఇంత పొద్దెక్కినా బోణీ లేకపోవడం వెంకటరావమ్మ గారికి అసలు నచ్చలేదు. గుమ్మం పక్కనే కుర్చీ వేయించుకుని సందు రెండు వైపులా చూస్తా ఉంది. ఇతన్ని చూసి, "అవుద్దిలే నాయనా, ఇప్పుడే అవుద్ది," అంది. ఎంతసేపటికి అవుద్దో ఎవరికీ తెలీదు. ఎండ నెత్తి మీదకొచ్చింది. దుర్గాశంకర్ కుర్చీని కొట్టు పరదా నీడలోకి తిప్పుకుని బ్రేకులు వేశాడు. ఫోన్ వణికింది. ఈసారి ఎవరు చూస్తున్నారని చూడలేదు. చక్రాల మీద చేతులు ఆనించి లేచాడు, కాసేపు అట్టాగే ఉండి దిగాడు.

చేతికో సంచీ ఉన్న ఒకామె ఇతని ముందు ఆగింది. యాభైకి దగ్గర్లో ఉంటుంది. సంచీలు కింద పెట్టి కొంగుతో మెడ తుడుచుకుంది. "బాబూ, నైటీ గుడ్డ ఇక్కడ దొరుకుద్దా?"

"దొరుకుద్దక్కా. ఏ ఊరు?"

"చల్లపల్లి. సంపూర్ణమ్మ అంటే అక్కడ అందరికీ తెలుసు. మిషన్లు పెట్టి నైటీలు కుట్టిస్తా." మాట్లాడతానే కుర్చీ వంక, కాళ్ళ వంక చూసింది. మొహమాటం లేని మనిషి. "పుట్టుకతోనా?"

"కాదక్కా. పోయినేడు అటక మీంచి పడ్డా. వెన్నుపాము."

"మా తమ్ముడు తాడిచెట్టు మీంచి." సంచీ మీద చెయ్యి వేసి అట్టాగే మెట్టు అంచున కూర్చుంది. "వాడూ పోయినేడే. నువ్వు కూర్చుంటున్నావే. కూర్చోవచ్చా?"

"కూర్చోకపోతే ఎట్టా?"

"కదపొద్దన్నారుగా."

"ఎప్పుడన్నారు?"

"ఆపరేషన్ అయినప్పుడు."

"అది అప్పటి మాటక్కా, ఎముక కుదురుకునేదాకా. ఆ తర్వాత లేపి కూర్చోబెట్టమని చెప్పలా?"

"మేం మళ్ళీ వెళ్తేగా. కాళ్ళు రావన్నారు. రానప్పుడు వెళ్ళి ఏం చేస్తామని ఊరుకున్నాం. మంచం మీద ఏ లోటూ లేకుండా చూస్తన్నాం బాబూ. కాలు కింద పెట్టనివ్వలా."

దుర్గాశంకర్ జేబులో ఫోన్ వణికింది. లేచాడు.

"ఏమైంది?" అంది ఆమె కంగారుగా.

"ఏం లేదక్కా. నువ్వు కూర్చున్నావు చూడు, వచ్చిన కాణ్ణుంచి ఇటూ అటూ ఎన్నిసార్లు కదిలావో నీకు తెలీదు. ఒళ్ళు కదపమంటది, నువ్వు కదుపుతావు. నాకు ఆ కబురు రాదు. అందుకే ఫోన్ చెప్పుద్ది. కదలకపోతే ఎముకకీ మంచానికీ మధ్య కండ నలిగి పుండు పడుద్ది."

సంపూర్ణమ్మ సందు వైపు చూసింది. "వాడికి నడుం కింద ఉంది పుండు. పసుపూ కొబ్బరినూనే పెడతన్నాం. మానట్లా."

"పైన ఏం పెట్టినా కింద నలుగుతా ఉంటే మానదు. ముందు దాని మీద పడుకోకుండా చూడాలి. రెండు గంటలకోసారి పక్క మార్చాలి. పుండుని మాత్రం డాక్టర్ చూడాల్సిందే, ఆలస్యం చెయ్యకండి. మాకు నేర్పిన మేడం నంబరిస్తా. నేనూ అంతేనక్కా, మొన్న రోజంతా లేవకుండా కూర్చుని రెండ్రోజులు బోర్లా పడుకున్నా."

ఆమె కళ్ళు తుడుచుకోలేదు, నిట్టూర్చనూ లేదు. రవికెలోంచి పర్సు తీసింది. "ఆ నంబరు తర్వాత రాసుకుంటా. ముందు గుడ్డ చూపించు, మళ్ళీ బస్సుకి పోవాలి."

దుర్గాశంకర్ గుమ్మం వైపు కేకేశాడు. "ధనుంజయ్, ఆ చిన్న ఎర్రపువ్వు కాటన్ థాను ఇటు విసురు. నీలంది కూడా."

ధనుంజయ్ మామ్మగారి వైపు చూశాడు. ఆవిడ జపమాల ఆపింది. వాడు ఒక్క క్షణం ఆగి, థాన్లు రెండూ విసిరాడు. దుర్గాశంకర్ రెండు చేతులా అందుకుని తన ఒళ్ళోనే పరిచాడు. రెండు మడతలు విప్పి, గుడ్డ వెనక అరచెయ్యి పెట్టి వెలుతురుకి చూపించాడు. మంచినీళ్ళ సీసా మూతలో నీలం గుడ్డ మూల తడిపి, తన తెల్ల రుమాలుతో గట్టిగా రుద్దాడు. రుమాలుకి రంగు అంటలేదు.

"నీలం ఉతుకుడికి ఆగుద్దక్కా. ఈ ఎర్రపువ్వు ఆగదు, మొదటి ఉతుకులో కాస్త దిగుద్ది. నీ దగ్గర కొన్నోళ్ళు నిన్నే తిడతారు. నీలం, పచ్చ తీసుకో."

"అమ్మేవాడివి, వద్దంటున్నావేంది?"

"మళ్ళీ రావద్దా మరి నువ్వు?"

ఆమె మొదటిసారి నవ్వింది. ఎన్ని థాన్లో చెప్పి, డబ్బులు లెక్కపెట్టి అతని చేతిలో పెట్టింది. ఆమెకి కొట్టంటే అప్పటికి ఆ కుర్చీలో మనిషే. దుర్గాశంకర్ కుడిచేత్తో తీసుకుని, ఏళ్ళ అలవాటు కదా, కళ్ళకద్దుకున్నాడు. అద్దుకున్నాక గానీ ఏం చేశాడో తెలీలేదు.

గద్దె మీద ధనుంజయ్ మడతపెడుతున్న గుడ్డ అట్టాగే పట్టుకున్నాడు. కోటిలింగం గారు గల్లా వదిలి గబగబా మెట్లు దిగి చెయ్యి చాపాడు. "ఇటివ్వు శంకరం, నేను వేస్తా."

"ఆగరా," అంది వెంకటరావమ్మ గారు. "బోణీ డబ్బు చేతులు మారుద్దా ఎక్కడన్నా? మీ నాన్న ఎన్నడన్నా మార్చనిచ్చారా? తీసుకున్న చెయ్యే గల్లాలో వెయ్యాలి."

ఇది ఆవిడ కాపురానికొచ్చిన కాణ్ణుంచి అంటున్న మాట. ఆలోచించి అన్నది కాదు, నోటికి వచ్చేసింది. అన్న తర్వాత ఆవిడకే వినపడింది. సందులో బండి ఒకటి గడగడా పోయింది. ఆవిడ దుర్గాశంకర్ చేతిలో నోట్ల వంక చూసింది, గోడకి ఆనించిన పలక వంక చూసింది.

"పలక వెయ్యరా కోటీ," అంది.

హమాలీలు టీకి పోయారు. కోటిలింగం గారు తనే పలక ఎత్తబోయి, బరువుకి ఒక పక్కకి తూలి, మళ్ళీ సర్దుకుని మెట్ల మీద వేశాడు. ధోవతికి మట్టి అంటింది. దులుపుకోలేదు. పలక కదలకుండా అంచు మీద కాలు పెట్టి నిలబడ్డాడు.

దుర్గాశంకర్ నోట్లు పళ్ళ మధ్య పట్టుకుని, రెండు చేతులా చక్రాలు తోసుకుంటా ఎక్కాడు. గుమ్మంలో వెంకటరావమ్మ గారు కాళ్ళు పక్కకి తీసుకుంది. గల్లాపెట్టె దాకా వెళ్ళి, డబ్బు అందులో వేసి మూత వేశాడు. ధనుంజయ్ దగ్గాడు.

"రేపు పొద్దున్నే వచ్చెయ్ శంకరా," అంది పెద్దావిడ, జపమాల వంకే చూస్తా. "బోణీ నువ్వే చేద్దువుగాని."

వారం కిందటైతే ఆ మాట కోసం కడుపు మాడ్చుకునైనా వచ్చేవాడు. దుర్గాశంకర్ కుర్చీని ఆవిడ వైపు తిప్పాడు.

"పొద్దున్నే రాలేనండి మామ్మగారు. ఇంటి దగ్గర నా పని తెమిలేసరికి ఈ వేళే అవుద్ది. దాన్ని తొందరపెడితే ఏమవుద్దో మంగళవారం చూశారుగా. బోణీ ఎవరు చేసినా నాకొకటే. పదిన్నరకి వస్తా. వచ్చినప్పుడు మాత్రం పలక వేసి ఉండాలి. బోణీ అయినా, అవకపోయినా, నేను బయట ఉండను."

గట్టిగా అనలేదు. చీర ధర చెప్పినట్టు చెప్పాడు. ఆవిడ పూస ఒకటి జరిపింది. మరోటి జరిపింది. "అట్టాగే రా," అంది.

ఈసారి దిండు గోడ వారకి పోలేదు. గద్దె మీదకి జరిగి, కుర్చీలోంచి గాలిదిండు లాగి పరుపు మీద వేసుకుని, దాని మీద కూర్చున్నాడు. ధనుంజయ్ కన్నా జానెడు ఎత్తుగా.

"ఇదేంట్రా, షావుకారు కన్నా పైకి పోయావు," అన్నాడు ధనుంజయ్.

"కట్టరా ముందు, ఆమెకి బస్సు టైమవుద్ది."

థాన్లు మూట కడుతుంటే సంపూర్ణమ్మ మేడం నంబరు రాయించుకుని, ఫోన్ తీసి నొక్కి, ఎవరితోనో, "రేయ్ పుల్లయ్యా, ఒకాయన మాట్లాడతాడంట," అని దుర్గాశంకర్ చేతిలో పెట్టేసింది. అటు పక్క టీవీ మోత.

"అన్నా, నా పేరు శంకర్. నేనూ పడ్డవాణ్ణే."

అటు పక్క టీవీలో ఎవరో నవ్వారు.

"ఇప్పుడు ఎట్టా పడుకున్నావు?"

"ఎట్టా ఏంది?" బొంగురు గొంతు, మాట్లాడే అలవాటు తప్పినట్టు. "వెల్లకిలా."

"పొద్దుట్నుంచీనా?"

"పోయినేటి నుంచి."

దుర్గాశంకర్‌కి నవ్వొచ్చింది. అటు పక్క కూడా ముక్కుతో చిన్న శబ్దం వచ్చింది, అది నవ్వో కాదో. "ఇంట్లో ఎవరున్నారన్నా?"

"కనకలక్ష్మి. మా ఆవిడ."

"పిలు. నీ భుజమూ నడుమూ కలిపి ఒకేసారి ఎడమ పక్కకి తిప్పమను. ఈడ్చకూడదు, దొర్లించాలి. వీపు వెనక ఒక దిండు, మోకాళ్ళ మధ్య ఒక దిండు. నేను లైన్లోనే ఉంటా."

కొట్లోకి బేరం వచ్చింది, ఇద్దరు ఆడవాళ్ళు. "ఏమండీ, లంగా గుడ్డ..."

"కూర్చోండమ్మా," అన్నాడు, ఫోన్ చెవికి పెట్టుకునే. జేబులో తన ఫోన్ వణికింది. సంపూర్ణమ్మ ఫోన్ భుజానికీ చెంపకీ మధ్య నొక్కిపెట్టి, వాళ్ళ ఎదురుగానే రెండు చేతులూ పరుపు మీద ఆనించి లేచాడు. వాళ్ళు చూశారు. చూడనిచ్చాడు. అటు పక్క టీవీ ఆపారు. మంచం కిర్రుమంది. "మెల్లగా... ఆ చెయ్యి పట్టుకో..." అని ఆడగొంతు, ఒక మూలుగు, మళ్ళీ మంచం కిర్రు. తర్వాత చాలాసేపు ఊపిరి మాత్రమే వినపడింది.

"అన్నా, తిరిగావా?"

"ఆ."

"ఎట్టా ఉంది?"

"ఈ పక్క కిటికీ ఉంది," అన్నాడు పుల్లయ్య. "మర్చేపోయా."

అదండీ సంగతి. కదపొద్దన్న పాత మాట పట్టుకుని మంచం మీదే ఉండిపోయిన మనుషులు మన చుట్టుపక్కల ఇంకా ఉన్నారు. మీ వీధిలో ఉండొచ్చు, మీ చుట్టాల్లో ఉండొచ్చు. తెలిస్తే వాళ్ళ ఇంట్లోవాళ్ళకి ఈ కథ పంపండి. తెలీకపోతే మీ గ్రూపులో పెట్టండి, ఎవరికి చేరాలో వాళ్ళకి చేరుద్ది. ఫోన్ వాడటం రానివాళ్ళయితే పక్కన కూర్చుని మీరే వినిపించండి. సరే మరి, ఉంటానండీ.